మిషను మొరాయించిందా? ముందు ప్లగ్గు పీకండి!

"ఏం మామా, ద్వారబంధం ఇంకా నిలబెట్టలేదేం? ముహూర్తం ఎల్లుండే గదా!"

"ఏం చెప్పమంటావు అల్లుడూ! డ్రిల్లింగు మిషను నిన్న పొద్దున పని మధ్యలో ఆగిపోయింది. కాలిపోయిందేమో! టౌనుకు పంపించాను. అది వస్తే గానీ పని కదలదు."

ఏ ఊళ్ళో వడ్రంగి పందిరి దగ్గర నిలబడినా ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. తీరా టౌన్లో మెకానిక్కు చేసేదేమిటి? మిషనుకు రెండు పక్కలా ఉన్న మూతలు విప్పుతాడు. అరిగి గోరంత మిగిలిన రెండు కార్బను ముక్కలు బయటికి తీస్తాడు. కొత్తవి పెట్టి మీట నొక్కుతాడు. మిషను గిర్రున తిరుగుతుంది. పని అయిదు నిమిషాలు. దానికోసం పోయింది మాత్రం ఒక రోజు కూలి, రానూ పోనూ బస్సు చార్జీలు, ఇంటివారి దగ్గర ఇచ్చిన మాట.

ఇది ఒక్క వడ్రంగుల ఇబ్బందే కాదు. గేట్లు, కిటికీ చువ్వలు కోసే వెల్డింగు షాపువారికి, కొడవళ్ళు, గునపాలు గ్రైండరు మీద సాన పట్టుకునే రైతులకు, చిన్న డై గ్రైండరుతో చెక్క మీద నగిషీలు చెక్కే పనివారికి ఈ మిషన్లే ఇప్పుడు కుడి చెయ్యి. బాడిస, ఉలి, బరమా ఉన్న సంచిలోనే ఈ తిరుగుడు మిషన్లూ చేరాయి. అయితే ఉలిని రోజూ నూరుకునే చెయ్యి, మిషను దగ్గరికి వచ్చేసరికి అది ఆగేదాకా దాని మొహం చూడటం లేదు.

ఆగిన మిషన్లన్నీ చచ్చిన మిషన్లు కావు. తీగ, కార్బను, దుమ్ము, బిట్టు - ఈ నాలుగూ చూసుకోవడం వస్తే చాలా మరమ్మతులు ఇంటి అరుగు మీదే తేలిపోతాయి. ఏది ఇంట్లో చేయాలో, ఏది చేయకూడదో కూడా తెలిసి ఉండాలి. ఆ గీత దాటితే పోయేది మిషను కాదు. కన్నో, వేలో, ప్రాణమో.

లోపల ఉన్నదేమిటి?

చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లింగు మిషనును 1895లో జర్మనీలో ఫైన్ అనే సంస్థ తయారు చేసింది. పిస్తోలు లాంటి పిడి, వేలితో నొక్కే మీట ఉన్న డ్రిల్లుకు 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ పేటెంటు పొందింది. మనం వెల్డింగు షాపుల్లో చూసే యాంగిల్ గ్రైండరు 1954లో జర్మనీలోనే పుట్టింది. ఆకారాలు మారినా, తీగతో నడిచే ఈ మిషన్లలో చాలావాటి గుండెకాయ ఒక్కటే.

చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టలు, మధ్యలో తిరిగే ఆర్మేచరు. ఆర్మేచరు ఒక చివర రాగి పలకలు వరుసగా పేర్చిన గుండ్రని భాగం ఉంటుంది. దాన్నే కమ్యూటేటరు అంటారు. దాని మీద రెండు వైపులా కార్బను ముక్కలు స్ప్రింగు ఒత్తిడితో ఆనుకుని ఉంటాయి. తిరిగే ఆర్మేచరుకు కరెంటు అందించేవి ఈ కార్బన్లే. సైకిలు బ్రేకు కట్టలాగా ఇవి అరగడానికే పుట్టినవి. అరిగి స్ప్రింగు ఒత్తిడి అందనప్పుడు మిషను ఆగుతుంది. కొన్ని కంపెనీల కార్బన్లు కమ్యూటేటరు చెడిపోకుండా తమంతట తామే కరెంటు ఆపేసేలా కూడా ఉంటాయి.

ఆర్మేచరుతోపాటే తిరిగే చిన్న ఫ్యాను ఒకటి ఉంటుంది. చిల్లుల్లోంచి బయటి గాలిని లాగి మోటారును చల్లబరుస్తుంది. ఆ చిల్లులు పొట్టుతో మూసుకుపోతే మనిషికి ముక్కు మూసినట్టే.

మొదటి సూత్రం

మూత విప్పే ముందు, బిట్టు మార్చే ముందు, చక్రం బిగించే ముందు ప్లగ్గు పీకాలి. గోడ మీద స్విచ్చి కట్టేస్తే చాలదు. మీరు వంగి పని చేసుకుంటూ ఉండగా ఇంట్లో పిల్లవాడు ఆ స్విచ్చి వేయవచ్చు. కరెంటు పోయినప్పుడు బిట్టు మార్చుకోవడం మరీ ప్రమాదం. అది ఎప్పుడు వస్తుందో చెప్పి రాదు. బ్యాటరీ మిషనైతే బ్యాటరీని ఊడదీసి పక్కన పెట్టాలి.

కరెంటు పోగానే మిషను మీట కూడా వదిలేసి, 'ఆపు' దగ్గరికి తెచ్చి పెట్టాలి. లేకపోతే కరెంటు వచ్చిన క్షణాన బల్ల మీద ఉన్న గ్రైండరు తనంతట తానే లేచి దూకుతుంది.

కదలకపోతే ఇలా చూడండి

వరుస తప్పకుండా చూస్తే దొంగ దొరుకుతాడు.

ముందుగా సాకెట్టు. దాంట్లో మరో సామాను పెట్టి చూడండి. అదీ పని చేయకపోతే తప్పు మిషనుది కాదు.

రెండోది తీగ. పిడిలోకి వెళ్ళే చోట, ప్లగ్గు దగ్గర తీగ ఎక్కువగా వంగుతుంది. లోపలి రాగి పోగులు తెగేది అక్కడే. పైన తొడుగు బాగానే ఉంటుంది గనుక కంటికి కనపడదు. మిషను ఒకసారి తిరిగి, తీగ కదిపితే ఆగుతూ ఉంటే అనుమానం అక్కర్లేదు. తీగను పట్టుకుని మిషనును వేలాడదీయడం, తీగ పట్టి లాగి ప్లగ్గు పీకడం మానితే ఈ జబ్బు సగం తగ్గుతుంది. తెగిన తీగకు టేపు చుట్టి సరిపెట్టవద్దు. తెలిసినవారి చేత తీగ మొత్తం మార్పించండి.

మూడోది కార్బన్లు. వీటి సంగతి కింద చెప్పుకుందాం.

నాలుగోది మీట. పొట్టు, ఇనుప రజను చేరి మీట లోపల అంటుకోకుండా పోతుంది. మీటను తీసేసి తీగలు నేరుగా కలిపి నడిపేవారు ఉన్నారు. అంతకంటే తెలివితక్కువ పని లేదు. చేతిలో మిషను అడ్డం తిరిగినప్పుడు దాన్ని ఆపే దారి ఉండదు. మీట మార్పించాల్సిందే.

మల్టీమీటరు ఉన్నవారికి ఒక సులువు. ప్లగ్గును సాకెట్టు నుంచి పీకేసి, మీటరును ఓమ్స్ మీద పెట్టి, మిషను మీట నొక్కి పట్టి, ప్లగ్గుకు ఉన్న ఒకే సైజు రెండు పిన్నుల మధ్య చూడండి. వేగం మార్చే ఎలక్ట్రానిక్ సరంజామా లేని మామూలు మిషనైతే కొన్ని ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే తీగ, మీట, కార్బన్లు, చుట్టలు - వీటిలో ఎక్కడో దారి తెగిందన్నమాట.

కార్బన్లు మార్చే తీరు

చాలా డ్రిల్లులకు, డై గ్రైండర్లకు పక్కల రెండు గుండ్రని మూతలు ఉంటాయి. వాటి గాడిలో సరిపోయే స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా విప్పాలి. స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడకుండా వేలు అడ్డం పెట్టుకోండి. బయట మూతలు లేని మిషన్లకు వెనక తొడుగు తీయాల్సి ఉంటుంది.

కార్బను మీద హద్దు గీత ఉంటే అక్కడికి రాగానే మార్చాలి. గీత లేకపోతే మూడో వంతు మిగిలేసరికి మార్చడం మేలు. ఒకటే అరిగినా రెండూ కలిపి మార్చాలి. ఇంకా బాగానే ఉన్నవాటిని చూసి తిరిగి పెట్టేటప్పుడు ఏ వైపుది ఆ వైపే, ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. ఎందుకంటే దాని మొన కమ్యూటేటరు వంపుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. తిప్పి పెడితే సరిగా ఆనదు, నిప్పులు వస్తాయి.

పాత కార్బనును జేబులో వేసుకుని షాపుకు వెళ్ళండి. మిషను పేరు, మోడలు నంబరు రాసుకుని మరీ వెళ్ళండి. పొడవు, వెడల్పు, మందం మూడూ కలవాలి. గూడులో కార్బను జారుతూ కదలాలి. వదులుగా ఊగకూడదు, బిగిసిపోకూడదు. దొరికిందేదో తెచ్చి ఆకురాయితో అరగదీసి కుక్కితే ఆ పూటకు నడుస్తుంది గానీ, గట్టి కార్బను కమ్యూటేటరును తినేస్తుంది. పదుల రూపాయల వస్తువు దగ్గర మిగుల్చుకోబోయి వందల రూపాయల ఆర్మేచరును పోగొట్టుకోవడమే అవుతుంది.

కొత్తవి వేశాక వెంటనే బరువు పనికి దించవద్దు. అయిదారు నిమిషాలు ఖాళీగా తిప్పితే కార్బను మొన వంపుకు సర్దుకుంటుంది.

మిషను చెప్పే మాటలు

ఎద్దు జబ్బు పడితే రైతు కంటితో, ముక్కుతో పోల్చుకుంటాడు. మిషనునూ అలాగే పోల్చుకోవచ్చు.

చిల్లుల్లోంచి సన్నగా నీలి నిప్పురవ్వలు కనిపిస్తే కంగారు లేదు. పెద్ద పెద్ద పసుపు రవ్వలు వస్తే కార్బన్లు చూడాలి. కమ్యూటేటరు చుట్టూ నిప్పు వలయం తిరుగుతూ, కొత్త కార్బన్లు వేసినా తగ్గకపోతే ఆర్మేచరు దెబ్బతిన్నదని అర్థం. అది వైండింగు షాపు పని.

గరగరమని, కీచుమని శబ్దం వస్తే బేరింగు అరిగింది. చేత్తో బిట్టును పట్టి పక్కకు కదిపితే ఆట తెలుస్తుంది. అలాగే నడిపితే ఆర్మేచరు పక్క చుట్టలకు రాసుకుని రెండూ పోతాయి. పళ్ళు నూరినట్టు శబ్దమైతే గేర్లలో గ్రీజు ఎండిపోయింది, లేదా పళ్ళు అరిగాయి.

కాలిన వార్నిషు వాసన, పొగ వస్తే ఆ క్షణమే ఆపాలి. "ఇంకొక్క చిల్లి వేసేస్తే అయిపోతుంది" అనుకున్నవారే ఎక్కువగా ఆర్మేచర్లు కాల్చుకుంటారు.

పిడి చేతికి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే పని ఆపి, మిషనును ఖాళీగా ఒక నిమిషం తిప్పండి. ఫ్యాను గాలికి లోపలి వేడి బయటికి పోతుంది. వేడిగా ఉన్నప్పుడు ఠక్కున ఆపేస్తే ఆ వేడి లోపలే ఉండిపోతుంది.

వేడికి ముఖ్య కారణం మొండి బిట్టు. మొద్దుబారిన బిట్టుతో ఒళ్ళంతా ఆనించి ఒత్తితే మోటారు వేగం పడిపోతుంది. ఫ్యాను గాలీ తగ్గుతుంది. చుట్టల్లో కరెంటు మాత్రం పెరుగుతుంది. బల్బులు మసకబారే వేళల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. కరెంటు నీరసంగా ఉన్నప్పుడు బరువు పనులు పెట్టుకోకండి. ఇనుముకు చిల్లి వేసేటప్పుడు ఒక చుక్క నూనె వేయండి. చెక్కలో లోతు చిల్లి అయితే మధ్యమధ్య బిట్టు బయటికి లాగి పొట్టు రాల్చండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మిషను తాకితే చెయ్యి కాస్త జిల్లుమన్నా సరే, అది వాడకూడదు. "చెప్పులు వేసుకుంటే కొట్టదులే" అని సరిపెట్టుకోవద్దు. పేరు పలక మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది రెండు వరసల రక్షణ ఉన్న మిషను. దానికి ఎర్తు తీగ ఉండదు. ఆ గుర్తు లేని ఇనుప ఒంటి పాత మిషన్లకు మూడు పిన్నుల ప్లగ్గు, పని చేసే ఎర్తు తప్పనిసరి. ప్లగ్గు లేకుండా తీగ కొసలు సాకెట్టులో గుచ్చి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు ఇంకా కొన్ని చోట్ల పోలేదు. ప్రాణానికి వెల కట్టలేం, ప్లగ్గుకు కట్టగలం. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే కరెంటు ఒంట్లోంచి నేలకు పారగానే సరఫరాను కోసేస్తుంది.

వారానికోసారి, కారుకోసారి

పని అయ్యాక ప్రతి రోజూ పొడి గుడ్డతో తుడవండి. గాలి చిల్లుల్లో ఇరుక్కున్న పొట్టును పాత పళ్ళ బ్రష్షుతో దులపండి. వారానికోసారి సైకిలు పంపుతో ఆ చిల్లుల్లోకి గాలి కొట్టండి. కంటికి అద్దాలు పెట్టుకుని మరీ కొట్టండి. ఇనుము కోసే గ్రైండరుకు ఈ పని మరింత అవసరం. చెక్క పొట్టు గాలిని ఆపుతుంది. ఇనుప రజను లోపల కరెంటుకు అడ్డదారి చూపుతుంది. నీళ్ళతో గానీ, కిరోసినుతో గానీ మోటారును కడగవద్దు.

ఎడతెరిపి లేకుండా వాడే గ్రైండరుకైతే ఏడాదికోసారి గేరు పెట్టె విప్పించి పాత గ్రీజు తుడిపించి, కంపెనీ చెప్పిన గ్రీజు కొద్దిగా పెట్టించండి. నిండా కుక్కితే వేడెక్కి మోటారులోకి కారుతుంది. కమ్యూటేటరుకు, కార్బన్లకు నూనె, గ్రీజు తగలకూడదు.

వానకాలంలో మిషనును నేల మీద, తడి గోడ పక్కన పెట్టకుండా చెక్కపెట్టెలో ఎత్తు మీద ఉంచండి. చాలా రోజులు మూల పడి ఉన్నదాన్ని ఒక పూట ఎండ తగిలే పొడి చోట ఉంచి, తరవాత కాసేపు ఖాళీగా తిప్పి పనికి దించండి. చుట్టగా చుట్టిన ఎక్స్‌టెన్షను తీగను విప్పకుండా వాడితే అది కాగుతుంది. పూర్తిగా పరిచి వాడండి.

నగిషీ పనికి వాడే చిన్న మిషన్లకు బిట్టును పట్టే చీలికల గొట్టం ఉంటుంది. దాన్ని కాలెట్టు అంటారు. బిట్టు కాడ ఎంత లావో కాలెట్టు అంతే ఉండాలి. బిట్టు లేకుండా కాలెట్టు నట్టును బిగిస్తే అది నలిగి, తరవాత ఏ బిట్టునూ నిటారుగా పట్టదు. మిషను ఊగుతూ ఉంటే చాలాసార్లు తప్పు మోటారుది కాదు. వంగిన బిట్టుది, లేదా కాలెట్టులో చేరిన పొట్టుది. తిరుగుతూ ఉండగా ఇరుసును ఆపే బొత్తాం నొక్కితే లోపలి పిన్ను విరుగుతుంది.

చక్రంతో చెలగాటం వద్దు

నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే చక్రం అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతోందన్నమాట. ఆ వేగంలో పగిలిన ముక్కను తప్పించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ప్రతి చక్రం మీదా అది తట్టుకోగల చుట్ల సంఖ్య అచ్చు వేసి ఉంటుంది. మిషను మీది సంఖ్య కంటే చక్రం మీది సంఖ్య ఎక్కువ ఉండాలి. ఏడంగుళాల చక్రం మీద సాధారణంగా 8,500 అని ఉంటుంది. కాపు తీసేసి దాన్ని చిన్న గ్రైండరుకు బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? రెసిను చక్రాలకు గడువు తేదీ కూడా ఉంటుంది. మధ్యలోని ఇనుప వలయం మీద చూడండి. తడిసినవి, అంచు పెచ్చు ఊడినవి, కింద పడి బీట వేసినవి పారేయండి. కోసే పలుచని చక్రంతో పక్కవాటుగా అరగదీయకండి.

గ్రైండరుకు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం ఇప్పుడు చాలా చోట్ల చూస్తున్నాం. ఆ పళ్ళు చెక్కలో పట్టుకున్నాయంటే మిషను చేతిలోంచి తిరగబడి మనిషి మీదికే వస్తుంది. చెక్క కోయడానికి రంపం మిషను వేరే ఉంది. అది లేకపోతే చేతి రంపమే నయం.

మెడలో కండువా, వదులు చొక్కా, వేలాడే పైట, విరబోసిన జుట్టు మిషను దగ్గర పనికిరావు. కళ్ళకు అద్దాలు, ముక్కుకు గుడ్డ, కాళ్ళకు చెప్పులైనా ఉండాలి. బూట్లు అయితే మరీ మంచిది. కంట్లో రజను పడితే నలపవద్దు. పాలు, ఆముదం పోయవద్దు. గుడ్డ మొనతో గీకి తీయించుకోవద్దు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడమే దారి.

గీత ఇక్కడ గీయండి

ఊడ్చడం, తుడవడం, కార్బన్లు మార్చడం, బిట్టు నూరడం, చక్రం మార్చడం - ఇవి ఇంటి పనులు. తీగ మార్చడం కరెంటు పని తెలిసిన చేతికి ఇవ్వాలి. ఆర్మేచరు, చుట్టలు, బేరింగులు, కరెంటు కొట్టే జబ్బు షాపుకు వెళ్ళాల్సినవి. హామీ గడువు లోపల ఉన్న మిషనును ఇంట్లో విప్పితే హామీ పోవచ్చు. కార్డు చూసుకుని మరీ విప్పండి. ఇప్పుడు వస్తున్న బ్యాటరీ మిషన్లలో కొన్నిటికి కార్బన్లే ఉండవు. వాటిలో వెతికి ప్రయోజనం లేదు. దుమ్ము దులపడం, బిట్టు చూసుకోవడం వరకే మన పని.

షాపుకు ఇచ్చేటప్పుడు "ఆగిపోయింది" అని ఊరుకోకుండా, నిప్పులు వచ్చాయా, వాసన వచ్చిందా, తీగ కదిపితే తిరిగిందా అన్నది చెప్పండి. మెకానిక్కుకు వెతుకులాట తగ్గుతుంది. మీకు ఖర్చూ తగ్గుతుంది.

పొద్దున పనికి కూర్చోబోయే ముందు ఉలి మొన మీద బొటనవేలు ఆనించి పదును చూసుకోవడం మన పెద్దలకు ఒకరు చెబితే వచ్చిన అలవాటు కాదు. పనిముట్టు మీద ప్రేమ అది. ఆ ప్రేమలో కొంత మిషనుకూ పంచండి. సంచిలో ఒక జత కార్బన్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత బ్రష్షు వేసి ఉంచండి. ఎల్లుండి ముహూర్తం ఎల్లుండే జరుగుతుంది.